బాతు ఈక, గాలపు ముల్లు, ఒక తల్లి సందేహం

గత రమజాన్ మాసానికి కొద్ది రోజుల ముందు మాకొక ఉత్తరం అందింది. వ్రాసిన సోదరి కృష్ణా జిల్లా ఆడపడుచు. భర్త ఉద్యోగరీత్యా అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో స్థిరపడ్డారు. వారి పొరుగింట ఒక వృద్ధుడున్నాడు. శరత్కాలం వస్తే బాతుల వేటకు, వసంతంలో చేపల వేటకు వెళ్ళటం ఆయనకు యాభై ఏళ్ళ అలవాటు. సోదరిగారి పద్నాలుగేళ్ళ కుమారునికి ఆయన గాలం వెయ్యటం నేర్పాడు. అంతటితో ఆగక, గాలానికి కట్టే కృత్రిమ ఈగలను తయారు చేసుకొమ్మని, తాను వేటాడిన బాతుల ఈకలను ఒక ఐస్‌క్రీం డబ్బా నిండా నింపి ఇచ్చాడు.

ఆ డబ్బాను ఆమె ఇంట్లోకి రానివ్వలేదు. కారు షెడ్డులో పెట్టించారు. "తుపాకితో కొట్టిన పక్షి ఈకలు కదా, అవి పరిశుద్ధమైనవేనా? మేము నమాజు చేసుకునే గదిలోనే మావాడి బల్ల ఉన్నది. అది నజిస్ అయితే ఏం చెయ్యాలి? రెండు వారాలుగా మావాడు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు" అని వ్రాశారు.

దాచటమెందుకు, మొదట మేము నవ్వుకున్నాం. బాతు ఈకకూ మన పత్రికకూ సంబంధమేమిటనుకున్నాం. కాని జవాబు వ్రాద్దామని పుస్తకాలు తెరిస్తే, ఆ నాలుగు పంక్తుల ప్రశ్న వెనుక వేట, జిబహ్, తహారత్, మూగజీవుల హక్కు అన్నీ వరుసగా నిలబడ్డాయి. ఆ సోదరికి వ్రాసిన జవాబు పెరిగి పెరిగి ఈ వ్యాసమయింది.

ముందుగా ఈ 'ఈగ' సంగతి చెప్పుకోవాలి. మన చెరువుల దగ్గర గాలానికి వానపామునో, పిండిముద్దనో గుచ్చుతాం. కాని చల్లని సెలయేళ్ళలో బ్రతికే ట్రౌట్ జాతి చేపల ఆహారంలో ఎక్కువ భాగం నీటి పురుగులే. మేఫ్లై అనే సున్నితమైన కీటకం నీటి అడుగున ఏడాది వరకూ పెరిగి, ఒకనాడు పైకి తేలి, చర్మం విడిచి, రెక్కలు ఆరబెట్టుకొని ఎగిరిపోతుంది. పెద్దదయిన తర్వాత దానికి తినటానికి పనికివచ్చే నోరు కూడా ఉండదు. ఒకటి రెండు రోజుల్లో గ్రుడ్లు పెట్టి రాలిపోతుంది. అది నీటిమీద తేలుతూ రెక్కలు ఆరబెట్టుకునే ఆ కొద్ది క్షణాలే చేపకు విందు. అంతటి పల్చని ప్రాణిని ముల్లుకు గుచ్చటం ఎవరి తరమూ కాదు. అందుకని మనిషి దానికి నకలు కట్టటం నేర్చుకున్నాడు. ఇనుప ముల్లు మీద దారం చుట్టి, ఉన్నితో ఒళ్ళు, ఈకలతో రెక్కలు, తోక అమరుస్తాడు.

ఈ విద్య కొత్తదేమీ కాదు. సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో రోమ్‌లో నివసించిన ఏలియన్ అనే రచయిత, మాసిడోనియా ప్రాంతపు జాలరులు ముల్లుకు ఎర్రని ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ దగ్గరి రెండు ఈకలను అమర్చి మచ్చల చేపలను పట్టేవారని వర్ణించాడు. 1496లో ఇంగ్లండులో అచ్చయిన గాలపు వేట గ్రంథంలో ఈగల పట్టికే ఉన్నది. మన దేశంలోకి ఈ వేట ఆంగ్లేయులతో పాటు వచ్చింది. 1900 ప్రాంతంలో స్కాట్లండ్ నుండి ట్రౌట్ గ్రుడ్లను ఓడల మీద తెచ్చి కాశ్మీరు ఏళ్ళలో పెంచారు. నేడు లిద్దర్ నది ఒడ్డున వేటగాళ్ళకు దారి చూపేవారిలో అత్యధికులు మన ముస్లిం సోదరులే.

ఇక బాతు ఎందుకు? కోడి ఈక చాలదా? చాలదు. ఇది మమ్మల్ని ఆశ్చర్యపరచిన విషయం గనుక కాస్త వివరంగా చెబుతాం.

బాతు రోజంతా నీటిలో ఉంటుంది. అయినా తడవదు. దాని తోక మొదట్లో, వీపు వైపున, ఒక తైలగ్రంథి ఉన్నది. బాతు ముక్కుతో ఆ నూనెను తీసి ఒళ్ళంతా పూసుకుంటుంది. మన పల్లెల్లో పెంపుడు బాతులు గట్టుమీద నిలబడి తోకవైపు ముక్కు త్రిప్పి ఏదో గెలుకుతూ ఉండటం ఎవరు చూడలేదు? ఆ గ్రంథి చుట్టూ పది ఇరవై పొట్టి ఈకలు కుచ్చులా ఉంటాయి. అవి మెత్తగా, నూగునూగుగా, ఊదితే కదిలేటట్లుంటాయి. స్విట్జర్లండ్‌లోని జూరా కొండల ప్రాంతంలో 1920ల నాటికే ఈ ఈకలతో ఈగలు కట్టేవారు. ఆ ఈకకు ఫ్రెంచివారు పెట్టిన పేరుకు 'బాతు పిరుదు' అని అర్థం. పేరు మోటుగా ఉన్నా పని మాత్రం నాజూకు. దానితో కట్టిన ఈగ నీటిలో మునగదు. చాలాకాలం ఇదంతా నూనె మహిమే అనుకున్నారు. కాని రంగు వెయ్యటానికి ఉడికించి నూనె పోగొట్టిన ఈకలు కూడా బాగానే తేలుతాయి. ప్రతి పోగుకూ ఉన్న సన్నని నూగు గాలిబుడగలను పట్టి ఉంచటమే ముఖ్య కారణమట. ఈ మాట గుర్తుంచుకోండి. కడగటం గురించి మాట్లాడేటప్పుడు పనికివస్తుంది.

మగబాతు ప్రక్కల మీది ఈకలది మరో ఉపయోగం. ఆకుపచ్చ తల గల మల్లార్డ్ జాతి మగబాతుకు రెక్క క్రింద బూడిదరంగు ఈకలుంటాయి. వాటిమీద నెరసిన వెంట్రుకలంత సన్నని గీతలుంటాయి. పురుగు రెక్కలోని నరాలను ఆ గీతలు అచ్చుగుద్దినట్లు చూపుతాయి. వుడ్‌డక్ అనే అమెరికా బాతుకు అవే గీతలు నిమ్మపండు ఛాయలో ఉంటాయి. న్యూయార్క్ రాష్ట్రపు క్యాట్‌స్కిల్ కొండల్లో నివసించి 1915లో మరణించిన థియొడోర్ గార్డన్ అనే వ్యక్తి, ఇంగ్లండు నుండి ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ 1890లో పంపిన ఈగలను చూసి, వాటిని తన దేశపు పురుగులకు తగినట్లు మార్చాడు. రెక్కలకు ఆయన ఎంచుకున్నది ఈ వుడ్‌డక్ ఈకనే. రెక్క ఈకలతో కట్టేటప్పుడు మరో చిత్రమున్నది. కుడిరెక్క నుండి ఒక ముక్క, ఎడమరెక్క నుండి సరిగ్గా అదే చోటి ముక్క తీసుకోవాలి. రెండూ ఒకే వైపువైతే విసిరేటప్పుడు ఈగ గాలిలో గిరగిరా తిరుగుతుంది. రెండు రెక్కలతో ఎగిరే ప్రతి పక్షీ మీవంటి సమాజమేనని దివ్య ఖుర్ఆన్ (6:38) గుర్తు చేస్తుంది. ఆ రెండు రెక్కల మధ్య సమతూకం ఎంత ఖచ్చితమైనదో ఈగ కట్టేవాని బల్ల మీద కనిపిస్తుందని మేమనుకోలేదు.

ఇప్పుడు సోదరిగారి అసలు ప్రశ్న.

వేట ఇస్లాంలో ధర్మసమ్మతమే. అల్‌మాయిదా సూరాలో (5:4) శిక్షణ పొందిన వేటజంతువుల ప్రస్తావన ఉన్నది. సముద్రపు వేటకు (5:96) విస్తృతమైన అనుమతి ఉన్నది. ఫిఖ్‌హ్ గ్రంథాలన్నింటిలో వేట, జిబహ్‌లకు ప్రత్యేక అధ్యాయమున్నది. ఆ అధ్యాయంలో ప్రధానమైన హదీసు హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి) గారిది. ఆయన స్వయంగా వేటగాడు. దైవప్రవక్త (సల్లం)ను అడిగిన ప్రశ్నలన్నీ వేటగాడు మాత్రమే అడగగలిగినవి. కుక్క పట్టితెచ్చిన జంతువు సంగతేమిటి? అది కొంత తినివేస్తే? బాణం అడ్డంగా తగిలితే? వాటిలో ఒకటి బాతుల వేటకు నేరుగా వర్తిస్తుంది. అల్లాహ్ పేరు పలికి బాణం వేసిన తర్వాత, ఆ జంతువు నీటిలో పడి చచ్చి కనిపిస్తే దానిని తినరాదు. ఎందుకంటే దానిని చంపింది నీ బాణమో, నీరో నీకు తెలియదు.

ఈ హదీసు చదివినప్పుడు మేము కొంతసేపు ఆగిపోయాం. బాతును కొట్టేదే నీటిమీద. నూటికి తొంభై సార్లు అది పడేదీ నీటిలోనే. ఎవరూ చూడని చోట, తనకు ఆకలిగా ఉన్నప్పుడు, అనుమానం ఉన్నది గనుక వదిలిపెట్టమని వేటగానికి చెప్పిన ధర్మమిది.

బాణం మొన తగిలి చీల్చితే తినవచ్చు, అడ్డంగా తగిలి దెబ్బకు చస్తే తినరాదని అదే హదీసులో ఉన్నది. దీనిని ఆధారం చేసుకొని మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ పండితులు, తుపాకి గుండు దెబ్బతో చంపుతుందే గాని పదునుతో కొయ్యదనీ, కనుక ప్రాణముండగా పట్టి జిబహ్ చేస్తేనే ఆ పక్షి హలాల్ అనీ చెప్పారు. గుండు శరీరాన్ని ఛేదిస్తుంది గనుక, అల్లాహ్ పేరుతో కాలిస్తే చాలునని చెప్పిన పండితులూ ఉన్నారు. ఆ చర్చలోకి మేము దిగం. పొరుగాయన పంపింది మాంసం కాదు, ఈకలు మాత్రమే.

ఈకల విషయంలో మార్గం సుగమంగానే ఉన్నది. వెంట్రుక, ఉన్ని, ఈక, కొమ్ము వంటివాటిలో ప్రాణస్పర్శ ఉండదు గనుక, జంతువు జిబహ్ లేకుండా చచ్చినా అవి అపరిశుద్ధం కావన్నది హనఫీ అభిప్రాయం. ఉన్ని, రోమాలు, వెంట్రుకలు మీకు గృహోపకరణాలయ్యాయని చెప్పే ఆయతును (16:80) కూడా పండితులు ఈ సందర్భంలో పేర్కొంటారు. షరతు ఒక్కటే. వాటికి రక్తం, కొవ్వు, మాంసపు తునకలు అంటి ఉండరాదు. అంటితే శుభ్రంగా కడగాలి. షాఫయీ పండితుల అభిప్రాయం వేరు. వారు జిబహ్ కాని జంతువు ఈకలను కూడా అపరిశుద్ధాలుగానే లెక్కిస్తారు. కేరళ, కొంకణ తీరాల సోదరులు, మన హైదరాబాదులో బార్కస్ పరిసరాల అరబ్బు కుటుంబాలవారు షాఫయీలు గనుక ఈ సంగతి చెప్పవలసి వచ్చింది. ఫత్వా ఇవ్వటం పత్రిక పని కాదు. సోదరిగారు తమ మస్జిదు ఇమాము గారిని అడగాలి. మేము వ్రాసింది మాత్రం ఇది: తోలు ముక్క, రక్తం అంటిన ఈకలను పారవేయండి. మిగిలినవాటిని కడిగించండి.

కడగటం కష్టమేమీ కాదు. గోరువెచ్చని నీటిలో కొద్దిగా గిన్నెల సబ్బు వేసి మెల్లగా ముంచి తీసి, రెండు మూడుసార్లు మంచినీటితో జాడించి, పాత తువ్వాలు మీద ఆరబెట్టాలి. నూనె పోతుందని భయపడనక్కర లేదు. తేలటానికి నూగే చాలునని పైన చెప్పాం. అసలు శత్రువు పురుగు. ఈకలలో చిమటలు, తోలుపురుగులు గ్రుడ్లు పెడతాయి. అవి ఇంట్లోకి వస్తే ఉన్ని దుప్పట్లు, జానిమాజులు కూడా తినివేస్తాయి. కనుక ఈకలను గాలి చొరని సంచిలో కట్టి కొన్నాళ్ళు ఫ్రీజరులో ఉంచి, బయటకు తీసి, మళ్ళీ కొన్నాళ్ళు ఉంచాలి. అడవి పక్షుల్లో బర్డ్‌ఫ్లూ ప్రబలుతున్న ఈ రోజుల్లో, 2022 నుండి అమెరికాలో ఇది మరీ ఎక్కువయింది గనుక, పచ్చి ఈకలను చేతితొడుగు లేకుండా పిల్లవాని చేత ముట్టించవద్దు. తనంతట తాను చచ్చిపడిన పక్షి జోలికి అసలు పోరాదు.

చట్టం గురించి కూడా అడిగి తెలుసుకున్నాం. పంతొమ్మిదో శతాబ్దం చివర ఆడవారి టోపీల అలంకారం కోసం కొంగలను, ఇతర పక్షులను లెక్కలేకుండా చంపారు. దానితో 1918లో అమెరికా వలస పక్షుల రక్షణ చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం కొంగ, పిచ్చుక జాతి వలసపక్షి రాల్చిన ఈకను నేలమీద నుండి ఏరుకోవటం కూడా నేరమే. పిల్లలకు ఈ మాట ముందే చెప్పాలి. అయితే చట్టబద్ధంగా వేటాడిన బాతులు, హంసజాతి పక్షుల ఈకలను గాలపు ఈగలకు, దిండ్లకు, పరుపులకు వాడుకోవచ్చునని, అమ్ముకోవచ్చునని ప్రత్యేక నిబంధన ఉన్నది. టోపీలకు, అలంకారానికి మాత్రం వీల్లేదు. చనిపోయిన పక్షి ఈకను అవసరానికి వాడుకోవచ్చు, ఆడంబరానికి కూడదని ఆ చట్టం గీచిన గీత మాకు నచ్చింది.

పైన చెప్పిన వుడ్‌డక్ ఆనాడు అంతరించే దశకు వచ్చింది. 1918 నుండి 1941 వరకు దాని వేటను పూర్తిగా నిషేధించారు. చెట్టు తొర్రల్లో గూడు పెట్టే పక్షి గనుక కర్రపెట్టెలు కట్టి గూళ్ళు కల్పించారు. నేడు అది మళ్ళీ సమృద్ధిగా ఉన్నది. 1934 నుండి బాతుల వేటగాడు ఏటేటా ఒక ప్రత్యేక బిళ్ళ కొనాలి. మొదట దాని వెల 1 డాలరు, ఇప్పుడు 25. ప్రతి డాలరులో 98 సెంట్లు చిత్తడి నేలల రక్షణకే పోతాయి. 1991 నుండి సీసపు గుళ్ళు నిషిద్ధం. కారణం వింటే మనసు చివుక్కుమంటుంది. బురదలో రాలిన గుళ్ళను బాతులు గులకరాళ్ళనుకొని మింగేవి. అవి కందనకాయలో అరిగి, విషమై, పక్షులను మెల్లగా చంపేవి. వేటగాడు గురి తప్పినా అతని గుండు చంపటం మానలేదన్నమాట.

ఇక ఈకల పిచ్చి ఎంతదూరం పోగలదో చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణమే. సాల్మన్ చేపల కోసం విక్టోరియా కాలంలో కట్టిన రంగురంగుల ఈగలున్నాయి. వాటిని నేడు చాలామంది నీటిలో వెయ్యరు. అద్దాల చట్రాల్లో పెట్టుకుంటారు. వాటికి అరుదైన ఉష్ణమండల పక్షుల ఈకలు కావాలి. 2009 జూన్‌లో, లండన్‌లో సంగీతం చదువుకుంటున్న ఇరవై ఏళ్ళ విద్యార్థి ఒకడు, ట్రింగ్ పట్టణంలోని ప్రకృతిశాస్త్ర మ్యూజియం కిటికీ పగలగొట్టి 299 పక్షుల చర్మాలను దొంగిలించాడు. శాస్త్రవేత్తలు నూరేళ్ళకు పైగా భద్రపరచిన అమానత్తులవి. కొన్ని ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలేస్ స్వయంగా సేకరించినవి. చాలావాటికి కట్టిన వివరాల చీటీలు ఊడిపోయాయి. చీటీ పోయిన చర్మం శాస్త్రానికి వట్టి ఈకల మూటే. ఆ ఈకలతో చేప పట్టాలన్న ఆకలి కూడా ఎవరికీ లేదు.

ఇక్కడ మా అభిప్రాయం దాచుకోం. పక్షి హక్కు నెరవేర్చకుండా పిచ్చుకను చంపినవాడు సయితం అల్లాహ్ ముందు జవాబుదారి అని నసాయీ గ్రంథంలోని హదీసు చెబుతున్నది. ఆ హక్కేమిటని అడిగితే, జిబహ్ చేసి తినటమనీ, తల కోసి పారవెయ్యకపోవటమనీ ప్రవక్త (సల్లం) వివరించారు. తినటానికి వేటాడిన పక్షి ఈకను పారవేసే బదులు వాడుకోవటం ఆ హక్కుకు దగ్గరి పని. ఈకల కోసమే పక్షిని చంపటం దూరపు పని. చేప విషయంలోనూ ఇంతే. పట్టటం, ఫోటో తీయటం, వదలటం, మళ్ళీ పట్టటం. ఇలా రోజంతా ఒక ప్రాణి నోట్లో ముల్లు దించటం మాకు రుచించదు. కొందరు ఖురైషు యువకులు ఒక పక్షిని కట్టివేసి గురి చూస్తుండగా హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) అటు రావటం, వారు చెల్లాచెదురు కావటం, ప్రాణమున్న దానిని గురిగా పెట్టేవానిని ప్రవక్త (సల్లం) శపించారని ఆయన చెప్పటం మనకు తెలిసినదే. చిన్న చేపలను వదలమని చట్టముంటే వదలాలి. కొక్కెపు ముల్లు లేని గాలం వాడి, తడిచేతులతో పట్టి వదలాలి. తినదగిన చేప దొరికితే ఇంటికి తెచ్చుకొని, చాలగానే గాలం చుట్టెయ్యాలి. దీనితో ఏకీభవించని పండితులు ఉండవచ్చు.

మన రాష్ట్రాల పాఠకులకు ఒక మాట. శీతకాలంలో కొల్లేటికి, పులికాటుకు సూదితోక బాతులు, ఇతర వలస బాతులు వేల మైళ్ళు దాటి వస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద వాటి వేట నేరం. అమెరికా అనుమతి ఇక్కడ చెల్లదు. కాని ఈక కావాలంటే అడవి బాతే అక్కరలేదు. వరికోతల తర్వాత మడి నుండి మడికి బాతుల మందలను తోలుకొనిపోయేవారు కృష్ణా, గోదావరి, నెల్లూరు సీమల్లో నేటికీ ఉన్నారు. పెంపుడు బాతుల్లో అత్యధిక జాతులు మల్లార్డ్ సంతతే. తోక మొదటి కుచ్చు వాటికీ అలాగే ఉంటుంది. ప్రపంచ విపణిలో అమ్మే ఆ రకపు ఈకలు చాలావరకు పెంపుడు బాతులవే. ఈ సంగతి తెలియగానే మేము సోదరిగారికి వెంటనే రెండో ఉత్తరం వ్రాశాం.

ఈద్ తర్వాత ఆమె జవాబు వచ్చింది. ఇమాము గారు కడిగి వాడుకోవచ్చునన్నారట. అయినా పిల్లవాడు తండ్రిని వెంటబెట్టుకొని, ప్రాణంతో ఉన్న కోళ్ళను, బాతులను జిబహ్ చేసి ఇచ్చే దుకాణానికి వెళ్ళి, తోక ఈకలు పారవెయ్యవద్దని కసాయి భాయిని బ్రతిమాలాడట. ఆయన నవ్వి, కవరు నిండా ఇచ్చాడట. ఆ రోజు ఇంట్లో బాతు పులుసు. అందులో ఒక గిన్నెడు పొరుగు వృద్ధునికి కూడా పంపారు. ఈకలను కడిగింది తల్లే. ఐస్‌క్రీం డబ్బా షెడ్డులో నుండి ఆమె కుట్టుమిషను ప్రక్కకు చేరింది. మల్లార్డ్ గీతల ఈకలు పెంపుడు తెల్లబాతులో ఉండవు మరి. దారం కూడా ఆమె కుట్టుపెట్టెలోదే. మొదట కట్టిన ఈగ నలిపిన దోమలా ఉన్నదని, నాలుగోది కొంత నయమని, చేప మాత్రం ఇంకా పడలేదని వ్రాశారు.